స్వామికి ఆరు పూటలు

బరువు తూచే మిషను ఎక్కే ముందు నాగరత్నమ్మ చెప్పులు విడిచింది. చేతిసంచి భర్త గురుమూర్తికి ఇచ్చింది. ఒక్క క్షణం ఆలోచించి, సంచి మళ్ళీ తీసుకొని భుజానికి తగిలించుకుంది.

"సంచి కింద పెట్టమ్మా," అంది శ్రీవిద్య.

"ఇందులో ఏముందని తల్లీ, రెండు రుమాళ్ళు, ఒక నీళ్ళసీసా."

"ఆ నీళ్ళసీసానే కిలో ఉంటాది. పెట్టు."

వెనక వరుసలో చాంద్‌బీ కిసుక్కున నవ్వింది. "పోనీలే డాక్టరమ్మా, పోయినవారం నేను చీరకొంగున రాయి కట్టుకోనొస్తే నన్ను పట్టుకున్యావు. ఈ అక్కన్నా వదిలేయి."

మిషను నలభై కిలోల రెండువందల గ్రాములు చూపించింది. కిందటి గురువారం అది నలభై కిలోల తొమ్మిదివందలు. శ్రీవిద్య పుస్తకంలో రాసి, ఆ అంకె కింద గీత గీసింది. ఆ గీత చూస్తే గురుమూర్తికి భయం వేసింది.

ప్రొద్దుటూరులో ఒక కల్యాణమండపం భోజనాల హాలును గురువారాల్లో ఏదో ధర్మసంస్థ వాడుకుంటుంది. కాన్సరు వచ్చినవాళ్ళూ, వచ్చి తగ్గినవాళ్ళూ పదిపదకొండు మంది అక్కడికి వస్తారు. కుర్చీలో కూర్చొని చేతులు పట్టుకోకుండా లేవడం, గోడ మీద వేళ్ళతో పైకి పాకడం, నీళ్ళసీసాలు ఎత్తి దించడం, హాలు చుట్టూ నడవడం, తరువాత ఎవరు ఏం తినాలో చెప్పించుకోవడం. అందరూ దాన్ని గురువారం క్లాసు అంటారు. చెప్పేది శ్రీవిద్య. పులివెందుల పిల్ల, ఫిజియోథెరపీ చదివింది, ముప్పై దాటలేదు. డాక్టరు కానని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు డాక్టరమ్మే.

నాగరత్నమ్మకు కడుపులో కాన్సరు. కీమో ఇంజెక్షన్లు నాలుగు విడతలూ అయిపోయినాయి. ఆరేడు వారాలు ఆగి కడుపులో చెడిపోయిన భాగం తీసేయాలి. పులివెందుల ఆసుపత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరు రెండు లెక్కలు చెప్పినాడు. మనిషి నలభైరెండు కిలోలు ఉండాలి. ఆరు నిమిషాల్లో మూడువందల యాభై మీటర్లు నడవాలి. ఈ రెండూ లేకపోతే కత్తి పెట్టను, పెడితే బల్ల మీదినుంచి లేవదు అన్నాడు. ఎక్కువ ఆలస్యం చేసినా పనికిరాదన్నాడు. లోపలున్నది ఊరికే కూర్చోదు కదా.

"పెండ్లి పెట్టుకున్నోళ్ళు ముందే ఇంట్లో బియ్యం చూసుకోరా సామీ?" అని శ్రీవిద్య మొదటిరోజే గురుమూర్తికి వివరించింది. "ఇదీ అంతే. ఆపరేషను వంటికి పెద్ద ఖర్చు. ఇప్పుడే నింపుకోవాల."

నింపుకోవడానికి ఒక కార్డు ఇచ్చింది. రోజుకు ఆరు గళ్ళు. ఏడు, పది, పన్నెండున్నర, నాలుగు, ఏడు, తొమ్మిది. కడుపు చిన్నబోయింది కాబట్టి ఒకేసారి ఎక్కువ పట్టదు, కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినాలి. ఏ గడిలో ఏం తినాలో కూడా రాసింది. తిన్న తరువాత టిక్కు పెట్టాలి.

కార్డు నిండా టిక్కులే.

"అమ్మా, ఇవన్నీ నిజంగా తింటాండావా?"

"తింటాండాను తల్లీ. ఒక్క మెతుకు పారబోయలేదు. స్వామి సాక్షిగా."

"అయితే బరువెందుకు తగ్గింది?"

"అది నన్నడిగితే ఎట్ల? మిషన్నడుగు."

జమ్మలమడుగు బస్సులో గురుమూర్తి ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాడు. నాగరత్నమ్మ స్వామి సాక్షిగా అబద్ధం చెప్పే మనిషి కాదు. మిషనూ కాదు. మరి ఆ ఏడువందల గ్రాములు ఏమైనట్టు?

ఆయన జమ్మలమడుగులో చెన్నకేశవస్వామి గుడి పూజారి. గుడి చిన్నది. ఇంటినుంచి నూట నలభై అడుగులు. పొద్దున ఆరింటికి పోతే మధ్యాహ్నం మహానైవేద్యం అయ్యేదాకా ఇంటికి రాడు. నైవేద్యం నాగరత్నమ్మ మడితో వండి పంపుతుంది. అది స్వామికి పెట్టి, తలుపు వేసి, పన్నెండున్నరకు ఇల్లు చేరి అప్పుడు భోంచేస్తాడు. ఆయన విస్తరి తీసిన తరువాత ఆమె తింటుంది. నలభైరెండేళ్ళుగా ఇదే వరుస. పొద్దున ఆరుకూ పన్నెండున్నరకూ మధ్య ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన పని పడలేదు.

శుక్రవారం కర్పూరం డబ్బా మరిచిపోయి తొమ్మిదిన్నరకు వెనక్కి వచ్చాడు. నాగరత్నమ్మ తడిచీరతో పొయ్యి ముందు ఉంది. గట్టు మీద పక్కగా మూడు గిన్నెలు, మూడింటికీ మూతలు. ఆయన ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఒకదాంట్లో చల్లారిపోయిన ఉప్మా. ఒకదాంట్లో మీగడ కట్టిన రాగిజావ. మూడోదాంట్లో అరటిపండు, రెండు చెనిక్కాయల ఉండలు.

"ఇవేంది?"

"ఏడు గంటలదీ, పది గంటలదీ."

"తినలేదేం?"

"తింటాను. మీరొచ్చి తిన్నాక. పన్నెండున్నరది కూడా కలుపుకోని మూడూ ఒకేసారి."

"మూడూ ఒకేసారా?"

"కార్డులో రాసినవన్నీ తింటాండానా లేదా? వేళలే కదా మారింది."

గురుమూర్తికి అప్పుడు పెరటి కొళాయి గుర్తొచ్చింది. ఈ రెండు వారాలుగా మధ్యాహ్నం భోజనం కాగానే ఆమె పెరట్లోకి పోతుంది. కొళాయి ధారగా వదులుతుంది. చాలాసేపు వదులుతుంది. నీళ్ళ చప్పుడు వెనక ఇంకో చప్పుడు వినబడకూడదనే ఆ ధార అని ఆయనకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

"కక్కుకుంటాండావు," అన్నాడు.

ఆమె పొయ్యి వైపు తిరిగింది. గరిటెతో పప్పు కలిపింది.

"ఏడింటికే తినచ్చు కదా రత్నా."

"స్వామికి పెట్టేది వండేదాన్ని. ముందు నా కడుపు నింపుకోని తరువాత ఆయనకు వండాల్నా?"

"వంట నేను చేస్తాలే."

"మీరు వండినా మీరు ఉపాసమే గదా. మీరు ఆడ ఖాళీకడుపుతో గంట కొడతాంటే నేను ఈడ కూర్చోని ఉప్మా తినాల్నా?"

"తినాలనే గదా డాక్టరు చెప్పింది!"

"సరే."

ఆ ఇంట్లో 'సరే' అంటే విన్నాను అని అర్థం. చేస్తాను అని కాదు. అది గురుమూర్తికి పెళ్ళైన మొదటి ఏడాదే తెలిసింది.

అయినా మరుసటిరోజు గుడి కాసేపు ఆలస్యంగా తీసి, ఏడింటికి ఎదురుగా కూర్చొని తినమన్నాడు. ఆమె మొండికెయ్యలేదు. ఉప్మా వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమిలింది. మింగలేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. అది పట్టుదల కాదని ఆయనకు అప్పుడు అర్థమైంది. నలభైరెండేళ్ళు ఒక వేళకు మూసుకొని ఉండటం నేర్చుకున్న గొంతు, చెప్పినంత మాత్రాన తెరుచుకోదు. ఆయన మాత్రం తినగలడా, స్వామికి పెట్టకముందు? ఆ పిల్ల కార్డు ఆయనకు ఇచ్చి ఉంటే ఆయన కూడా గిన్నెల మీద మూతలు పెట్టే ఉండేవాడు.

ఆదివారం మధ్యాహ్నం గుడి మండపంలో ఒక్కడే కూర్చున్నాడు. డాక్టరు మళ్ళీ తూచి చూసే రోజుకు నాలుగు వారాలు మిగిలినాయి. ఎదురుగా తూర్పుగోడలో సున్నం కొట్టి కొట్టి పూడిపోయిన రాతిపలక ఒకటి ఉంది. దాని మీద అక్షరాలు సగం కనబడవు. కనబడకపోయినా ఆయనకు నోటికి వచ్చు, వాళ్ళ తాత వేలుపెట్టి చదివించాడు. స్వామికి ఆరు వేళల పూజ, ఆరు వేళల నైవేద్యం అని ఉంది. తెల్లవారుజాము, పొద్దున, మధ్యాహ్నం, మూడోజాము, దీపాలవేళ, పవళింపు. తాత కాలానికే అది నాలుగైంది. నాన్న కాలానికి రెండైంది. చేసేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు అంతకన్నా లేరు.

గురుమూర్తి జేబులోంచి కార్డు తీసి చూశాడు. కార్డు రాసిన పిల్లకు ఆగమం తెలియదు. ఆగమం రాసినవాళ్ళకు కీమో తెలియదు. వేళలు మాత్రం ఇంచుమించు ఒకటే.

గుడికి ధర్మకర్త మహీధర్. ప్రొద్దుటూరులో బట్టల అంగడి. గుడి కట్టించింది వాళ్ళ ముత్తాత. సోమవారం మధ్యాహ్నం గురుమూర్తి అంగడికి పోయేసరికి మహీధర్ పరుపు మీద కూర్చొని ఎవరికో పట్టుచీరలు విప్పి చూపిస్తున్నాడు. బేరం అయ్యేదాకా గురుమూర్తి ఒక మూల కూర్చున్నాడు. అడగకుండానే ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చి ఫ్యాను ఆయన వైపు తిప్పిపోయారు.

"ఏంది సామీ, ఈ ఎండలో?"

"స్వామికి ఆరు పూటల పూజ మొదలుపెడదామని."

మహీధర్ చీర మడత ఆపాడు. "ఉండే రెండు పూటలకే మనుషులు రారు. ఆరు పూటలు ఎవరి కోసం సామీ?"

"మనుషుల కోసం కాదులే. పలక మీద ఉంది గదా."

"పలక మీద మా ముత్తాత గుర్రాన్ని ఇచ్చినట్టు కూడా ఉంది. అదీ తేవాల్నా?" అని నవ్వాడు. తరువాత నవ్వు ఆపి ముసలాయన మొహం చూశాడు. "బియ్యం, పప్పు ఇంకా కావాల్నా? అట్లయితే అట్లనే చెప్పండి. మొహమాటమెందుకు?"

"ఏమీ వద్దప్పా. అన్నీ మా ఇంటివే. నీవు ఊ అంటే చాలు."

"మరి ఇంత వయసులో ఇదెందుకు నెత్తికెత్తుకోవడం?"

గురుమూర్తి చెప్పదలచుకోలేదు. ఇంటి సంగతి అంగట్లో చెప్పడం ఆయనకు చేతకాదు. కానీ మనిషి అడిగింది మంచికే కాబట్టి, దాచిపెడితే స్వామి దగ్గర మోసం చేసినట్టు అవుతుంది కాబట్టి, తల వంచుకొని చెప్పాడు. నలభైరెండు కిలోలు, ఆరు గళ్ళ కార్డు, మూడు గిన్నెలు, కొళాయి. "స్వామి తింటే నేను తినచ్చు. నేను తింటే ఆమె తింటాది. ఇంకో దోవ కనపళ్ళేదు."

మహీధర్ చాలాసేపు చీర అంచు సవరించాడు. సవరించేందుకు అక్కడేమీ లేదు.

"దేవునికి ఆకలేస్తాందంటే వద్దనడానికి నేనెవర్ని సామీ?" అన్నాడు చివరికి. "ఒక్క మాట. మొదలుపెట్టినాక ఆపకూడదు. మా తాత ఏదో ఉత్సవం మొదలుపెట్టి మూడేండ్లకే ఆపినాడంట. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మా అవ్వ దాన్నే ఎత్తుతాది. మీరున్నన్నాళ్ళు ఒక్క పూట కూడా తప్పకూడదు."

"తప్పను."

ఆ మాట ఇచ్చేటప్పుడు గురుమూర్తి నలభైరెండు కిలోల దాకానే ఆలోచించాడు. ఆ తరువాతది ఆలోచించలేదు.

మంగళవారం నుంచి ఆరు పూటలు మొదలైనాయి. వంట గురుమూర్తి చేతిలోకి వచ్చింది. నాగరత్నమ్మను పొయ్యి దగ్గర నిలబడొద్దని శ్రీవిద్య చెప్పింది కాబట్టి, ఆమె పీట మీద కూర్చొని తప్పులు పట్టేది. గిన్నె మోసుకొని గుడికి తేవడం మాత్రం తన పనే అంది. నూట నలభై అడుగులు పోవడం, నూట నలభై రావడం, రోజుకు ఆరుసార్లు. ఆమె గుడి మెట్టు మీద కూర్చుంటుంది. ఆయన లోపల నైవేద్యం పెడతాడు, గంట కొడతాడు, బయటికి వచ్చి నాలుగు ముద్దలు తింటాడు. తరువాత ఆమె వంతు. ఉప్మా గొంతు దిగింది. వేడిగా దిగింది.

మూడోరోజు శ్రీవిద్యకు ఫోన్ చేసి ఏయే పూటకు ఏమేమి పెడుతున్నాడో చెప్పాడు. దద్ధోజనం, పులిహోర, చక్కెరపొంగలి, మళ్ళీ దద్ధోజనం.

"సామీ, అన్నం తింటే బరువొస్తాది గానీ బలం రాదు. నడిచేది కండ. కండకు పప్పు కావాల, పాలు కావాల. పెసరపప్పు, పెరుగు, శనగలు, చెనిక్కాయలు, రాగి. ప్రతి పూటలో ఏదో ఒకటి ఉండాల."

చెన్నకేశవస్వామి భోజనం మారిపోయింది. తెల్లవారుజామున బెల్లం, పాలు పోసిన రాగిజావ. పొద్దున పెసరపప్పు పులగం. మూడోజాముకు గుగ్గిళ్ళు, చెనిక్కాయల ఉండలు. ఒకసారి మహీధర్ దర్శనానికి వచ్చి వెండిగిన్నెలో జావ చూసి నోరు తెరిచాడు.

"స్వామికి రాగిజావనా సామీ?"

"ఈ సీమలో ఉంటూ రాగి తినననే దేవుడు యాడుండాడప్పా?"

"అది సరే గానీ, మీకు కడుపొచ్చిందే."

వచ్చింది మరి. స్వామి, పూజారి, పూజారి భార్య ముగ్గురూ తింటుంటే ముందుగా ఒళ్ళు చేసింది పూజారికే.

నడక గురించి శ్రీవిద్య చెప్పిన లెక్క నాగరత్నమ్మకు బాగా నచ్చింది. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాడలేకుండా ఉండాలి, అదీ సరైన వేగం అంది. నాగరత్నమ్మ దారిలో ఎప్పుడూ ఏదో ఒక స్తోత్రం గొణుక్కుంటూ నడిచే మనిషి. "అట్లయితే శ్లోకం మధ్యలో ఊపిరి తెగాల, అంతేనా?" అని ఖాయం చేసుకుంది. మొదటి వారంలో అది శ్లోకం మధ్యలో కాదు, మొదట్లోనే తెగింది. గిన్నె పట్టుకొని మూడుచోట్ల ఆగేది. దారి మధ్యలో రహమతుల్లా టైలరు అంగడి. ఆయన ఒకరోజు మిషను ఆపి, ఒక స్టూలు తెచ్చి గోడ నీడలో వేసి, మళ్ళీ పోయి కుట్టుకున్నాడు. ఆ రోజునుంచి ఆమె వచ్చే ఆరు వేళలకూ స్టూలు బయట ఉండేది. మూడోవారం చివర ఆమె దాని పక్కనుంచి ఆగకుండా పోవడం చూసి, మరుసటిరోజు దాన్ని లోపల పెట్టుకున్నాడు.

గురువారం క్లాసుకు ఇక నాగరత్నమ్మ ఒక్కతే పోవాల్సి వచ్చింది. మూడోజాము పూజ వదిలి గురుమూర్తి ప్రొద్దుటూరు పోలేడు. ఆమె డబ్బాలో ఉండలు పెట్టుకొని పోయేది. నాలుగింటికి ఆయన నైవేద్యం ముగించి, తాను నాలుగు గింజలు నోట్లో వేసుకొని ఫోన్ చేసేవాడు. "అయింది" అనేవాడు. ఆమె అక్కడ డబ్బా మూత తీసేది.

"ఏమక్కా, సిగ్నలొచ్చిందా?" అని చాంద్‌బీ అరవడం ఫోన్లో వినబడేది. చాంద్‌బీకి రొమ్ము కాన్సరు ఆపరేషనై మూడేళ్ళైంది. తన క్లాసు ఎప్పుడో అయిపోయినా మానకుండా వస్తుంది. "మా ఇంటాయన ఉన్న్యప్పుడు నేను తిన్యాకే ఆయనకు పెట్టేదాన్ని. లేకుంటే కూరలో ఉప్పు ఎట్ల తెలుస్తాది? నీకు ఆ తెలివి లేకపాయె."

బరువు నలభైన్నర అయింది. తరువాత నలభైఒకటి. మూడోవారం జలుబు చేసి రెండురోజులు జ్వరం వచ్చింది, రెండువందల గ్రాములు తగ్గింది. ఆ రెండురోజులూ గిన్నె గురుమూర్తే మోసుకున్నాడు. నాలుగోవారం నలభైఒకటిన్నర దాటింది. మరుసటి బుధవారం పరీక్షకు పులివెందుల పోవాలి. తన ఊరే కదా అని శ్రీవిద్య సెలవు పెట్టి తోడు పోయింది. ఆసుపత్రి వరండాలో రెండు గుర్తుల మధ్య నాగరత్నమ్మను ఆరు నిమిషాలు నడిపించారు. శ్రీవిద్య ఫోన్ చేసినప్పుడు గురుమూర్తి మధ్యాహ్నం పూజకు నీళ్ళు తోడుతున్నాడు.

"నలభైరెండు కిలోల వంద. మూడువందల యాభైఆరు మీటర్లు. సోమవారం ఆపరేషన్ సామీ!"

ఆయన చేద బావిలోనే వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. సంతోషం వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. సోమవారం ఆరు పూటలు ఉన్నాయి. మంగళవారం ఆరు. ఆమె ఆసుపత్రిలో ఉండే పది రోజులూ ఆరేసి. పులివెందుల ముద్దనూరు మీదుగా రెండు గంటల దారి.

ఆ నాలుగురోజులూ ఆయన మనిషి కోసం వెతికాడు. వీరపునాయునిపల్లెలో పినతండ్రి కొడుకు సూర్యప్రకాశరావు ఉన్నాడు, ముహూర్తాల రోజులు, ఒక్క పూట కూడా ఖాళీ లేదన్నాడు. ఎర్రగుంట్లలో ఒకాయన వస్తాను గానీ రెండు పూటలే చేస్తానన్నాడు. శనివారం సాయంత్రం గురుమూర్తి ఇంటికి వచ్చి సంచి సర్దడం మొదలుపెట్టాడు.

"యాడికి?" అంది నాగరత్నమ్మ.

"నీతోనే."

"స్వామికి?"

"పదిరోజులు తలుపేస్తా. ఆ మహీధర్‌కు నేను చెప్పుకుంటా. ఏమైతే అదైతాది."

ఆమె లేచి ఆయన సంచిలోంచి పంచె తీసి మడతపెట్టి దండెం మీద వేసింది. తువ్వాలు తీసింది. అది కూడా వేసింది.

"నా కోసం మొదలుపెట్టినారు. నా కోసం ఆపినారనుకోండి, ఆడ బల్ల మీద పడుకోని నేను దాన్నే ఆలోచిస్తాంటా. మత్తు కూడా సరిగా ఎక్కదు నాకు."

"నీ పక్కన ఎవరుంటారు?"

"చాంద్‌బీ ఉంటానంది."

"నీవడిగినావా?"

"నేనెందుకు అడుగుతా? గురువారమే చెప్పింది, నేనొస్తా, నీవు అడ్డం చెప్పాకు, నాకు ఆసుపత్రుల్లో నర్సులతో కొట్లాడేది బాగా తెలుసు అని."

గురుమూర్తి ఖాళీ సంచి పట్టుకొని నిలబడ్డాడు. నిలబడి, దాన్ని కూడా మడతపెట్టాడు.

ఆదివారం పొద్దున చాంద్‌బీ ప్రొద్దుటూరునుంచి ఆటోలో వచ్చింది. సామాను ఎక్కిస్తుంటే గురుమూర్తి ఆమెను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఆపరేషనయినాక ఎప్పుడు నీళ్ళియ్యమంటారో, ఏమియ్యమంటారో తెలీదు. ఆ వేళకు నేను ఫోనెత్తలేకపోతే నీవు ఆమెతో ఒక మాట చెప్పాల. ఆయన తిన్నాడు, నీవు తాగు అని."

"అబద్ధం చెప్పాల్నా సామీ?"

"అబద్ధం కాదులే. ఆరుసార్లు తింటాండా. ఎప్పుడు చెప్పినా నిజమే అయితాది."

సోమవారం తెల్లవారుజాము పూజ అయింది. పొద్దున పూజ అయింది. రాగిజావ ఆయనే వండి, ఆయనే మోసి, ఆయనే పెట్టి, మెట్టు మీద ఒక్కడే కూర్చొని నాలుగు గుక్కలు తాగాడు. ఒప్పందం ప్రకారం తాగాడు. రుచి తెలియలేదు. మూడోజాము గంట కొట్టి బయటికి వచ్చేసరికి శ్రీవిద్య ఫోను. ఆపరేషన్ అయిపోయిందనీ, నాలుగు గంటలు పట్టిందనీ, మనిషి తట్టుకుందనీ చెప్పింది. "ఆ రెండు కిలోలే కాపాడినాయి సామీ," అంది.

మంగళవారం నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు. బుధవారం ఇవ్వలేదు. ఆమెకు ఫోనిస్తే రెండు మాటలు మాట్లాడింది. రెండూ వంట గురించే. గొంతు ఎక్కడినుంచో వచ్చినట్టు ఉంది. గురువారం పొద్దున డాక్టరు చూసి చెబుతాడని చాంద్‌బీ అంది. కుట్టిన చోట కారకుండా ఉంటేనే నీళ్ళు, నీళ్ళు నిలిస్తేనే జావ, జావ నిలిస్తేనే ఇల్లు.

గురువారం రెండో పూజకు గురుమూర్తి పులగం గిన్నె మోసుకొని వచ్చి, గుడి తలుపు తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. ఇంకా నైవేద్యం పెట్టలేదు. తెల్లవారుజామున తాగిన జావ తప్ప కడుపులో ఏమీ లేదు.

"సామీ, డాక్టరొచ్చినాడు. చూసినాడు. రెండు చెంచాల నీళ్ళియ్యమన్న్యాడు. ఇచ్చినా."

"తాగిందా?"

"తాగింది."

"నిలిచిందా? కక్కలేదే?"

"అర్ధగంటాయ. ఏమీ లేదు. పండుకోనుండాది."

గురుమూర్తి గిన్నె మెట్టు మీద పెట్టాడు. "నేను తిన్నానని చెప్పినావా?"

"చెప్పబోయినా సామీ. యాడ వింటాది? చెంచా నోటి దగ్గరికి పోకముందే నా చెయ్యి పట్టుకుండాది."

"ఏమీ అడగలేదా?"

"అడిగిందే. ఇంకో చెంచా ఇయ్యమని అడిగింది."

ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకొని నిలబడ్డాడు. అవతల చాంద్‌బీ ఈయన్ను మరిచిపోయి ఎవరితోనో కొట్లాట మొదలుపెట్టింది. మనిషి అడుగుతాంటే మూడో చెంచాకు ఇంకా గంటసేపు ఆగాల్నా అని.